నత్త సారు నేర్పిన నడక

హిందూపురంలో మా కూతురి ఇంట్లో వంటగదికీ హాలుకూ మధ్య చిన్న గడప ఉంది. పొద్దున పూట కుక్కర్ కూత వేసే ముందు, లోపల ఆవిరి నిండి, మూత మీది బరువు పక్కనుంచి సన్నగా బుసకొడుతుంది చూడండి, ఆ చప్పుడు వినగానే నా కాలు ఆ గడప మీద గాలిలోనే ఆగిపోతుంది. చేతిలో గ్లాసుంటే గ్లాసుతో, చీపురుంటే చీపురుతో అలాగే నిలబడిపోతాను. ఒళ్ళంతా రాయి. కళ్ళు మాత్రం నేలంతా వెతుకుతుంటాయి. "అమ్మా, అది పప్పే, నిన్ను కరవదు, కాలు దించు" అని నవ్వుతుంది మా కూతురు. నేనూ నవ్వుతాను. కానీ నేల చూశాకే దించుతాను.

అలా ఆగడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక మనిషి నేర్పాడు. ఆయన పేరు హనుమంతప్ప సార్. అడవి శాఖలో ఉద్యోగం. పెనుకొండ వైపు కొండల్లో నేను కూలికి పనిచేసిన ఏళ్ళలో మా మీద ఆయనే పెద్ద. నాకు పేరు రాయడం తప్ప చదువు రాదు, నేను చెబుతుంటే మా కూతురు రాస్తోంది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత ఆకారం కాదు. ముందుకొచ్చిన పొట్ట, బట్టతల, మండే ఎండల్లో కూడా మోకాళ్ళ దాకా నల్ల బూట్లు. మడకశిర వైపు మనిషి కాబట్టి మాటల్లో సగం కన్నడం కలిసేది. ఎంత నిదానంగా నడిచేవాడంటే, ఆయన కొండెక్కేలోపు మేకలు మేసి దిగొచ్చేవి. అందుకే కూలీలందరూ చాటున ఆయన్ని నత్త సారు అనేవాళ్ళు. నేనూ అన్నాను.

ఆ పనికి నేను ఇష్టపడి పోలేదు. అంతకు ముందు శనక్కాయ చెట్లు పీకే కాలంలో మా ఆయన పోయాడు. పీకిన చెట్ల కుప్ప కింద చెయ్యి పెట్టాడు, రక్తపింజరి కరిచింది. మా వైపు పాము అని నోటితో అనరు, పురుగు ముట్టింది అంటారు. ముట్టగానే ఏం చేస్తారంటే, నాలుగు వేపాకులు తెచ్చి నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని లెక్క, తియ్యగా ఉంటే ఎక్కినట్టు. మా ఆయన నమిలాడు. "చేదుగానే ఉండాది లేప్పా, ఏం గాలేదు" అని నవ్వాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఎందుకైనా మంచిదని బత్తలపల్లి పక్కన ఒక మంత్రం వేసే ఆయన దగ్గరికి బండెక్కించి తీసుకుపోయాం. ఆయన తలకు నీళ్ళు కొట్టి, చేతికి దారం కట్టి, కూర్చోబెట్టాడు. అక్కడే మా ఆయన పళ్ళ సందుల్లో నెత్తురు కనిపించింది. ధర్మవరం ఆస్పత్రికి చేర్చేసరికి ఆయనకు నన్ను గుర్తుపట్టే తెలివి లేదు. అక్కడి వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. పొద్దు పోయింది, ఆయనా పోయాడు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు, వాడి రాత అంతే అని.

ఎండాకాలం వచ్చేసరికి చేలల్లో పని లేదు. కొండల మీద జింకలకు నీళ్ళు పొయ్యడానికి అడవి శాఖ వాళ్ళు సిమెంటు తొట్లు కట్టించారు, పళ్ళెంలా పల్చగా ఉంటాయి. ఏ తొట్టికి నీళ్ళు పొయ్యాలో తెలియాలంటే జింకలు ఏ వైపు తిరుగుతున్నాయో ముందు తెలియాలి. అడుగులు, పెంటికలు, కొమ్ములు రుద్దిన చెట్ల బెరడు, అవన్నీ చూసుకుంటూ తిరిగి, సార్‌కు చెప్పాలి. తొట్లు ఎండిపోతే జింకలు నీళ్ళ కోసం ఊళ్ళలోకి దిగుతాయి. కుక్కలు చీలుస్తాయి, లేదంటే చెన్నేకొత్తపల్లి దగ్గర పెద్ద రోడ్డు మీద లారీల కింద పడతాయి. ఆ జింకల్ని వెతికే పనికి మనుషులు కావాలన్నారు. పాము పేరు చెబితేనే వణికే నేను, కూతుర్ని చదివించుకోవాలని పోయాను.

మొదటి రోజు సార్ నా మొహం చూడలేదు. కాళ్ళు చూశాడు. నా కాళ్ళకు అరిగిపోయిన హవాయి చెప్పులు.

"ఏమ్మా, కొండకొచ్చినావా, పెండ్లికొచ్చినావా?"

"ఇవే ఉండాయి సార్."

"అయితే ఇంటికి పో. కాళ్ళు దొరికినాక రా."

నాకు ఏడుపొచ్చింది. పక్కన ఓబిలేసు అనే కుర్రవాడు, మాతోపాటు పనిచేసేవాడు, కిసుక్కున నవ్వాడు. సార్ ఆఫీసులోకి పోయి ఒక జత బూట్లు తెచ్చి నా ముందు పడేశాడు. మగవాళ్ళ కొలత. ఒక్కో బూటులో నా కాళ్ళు రెండూ పడతాయి. "పాత చీర ముక్కలు కూరుకో" అన్నాడు. కూరుకుని నడిస్తే టపటపమని చప్పుడు. "లచ్చుమక్క వస్తాంటే పాములు గాదు, ఏనుగులు గూడా పారిపోతాయి" అన్నాడు ఓబిలేసు నన్ను చూసి. సార్ నవ్వలేదు. "పారిపోతే మంచిదే గదా. మనకు కావాల్సింది అదే" అన్నాడు.

ఆయన నేర్పింది పెద్ద చదువేమీ కాదు. నడిచేటప్పుడు కాళ్ళ ముందర నేలే చూడాలి. జింకను చూడాలంటే ఆగాలి. ఆగి, కాళ్ళ చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు తలెత్తాలి. రెండూ కలిపి చెయ్యకూడదు. ఇంతే. విన్నప్పుడు ఇదేం చోద్యమా అనిపించింది. జింకల్ని వెతకడానికి పోయినవాళ్ళకు కళ్ళెప్పుడూ దూరంగానే ఉంటాయి, అక్కడ పొద కదిలిందా, ఇక్కడ చుక్కలు కనిపించాయా అని. అడవిలో ప్రాణం పోయేది అక్కడేనని నాకు కళ్ళారా చూసేదాకా తెలియలేదు.

ఒక పొద్దున బండల మధ్యన ఎక్కుతున్నాం. ఎదుటి వాలులో చుక్కల జింకలు కనిపించాయి, ముందర పెద్ద కొమ్ముల పోతు. నేను బతుకులో అంత దగ్గరగా చూసింది అదే మొదలు. ఒళ్ళు మరిచిపోయి, "అగో సార్, అగో!" అని అడుగు ముందుకేశాను.

"సుమ్నె!" అన్నాడు సార్ వెనకనుంచి. ఊరికే ఉండు, కదలొద్దు అని ఆయన కన్నడం. అరవలేదు, మామూలు గొంతుతోనే అన్నాడు. అప్పుడు వినిపించింది ఆ బుస. ఎండిన తంగేడు ఆకుల మీద, నా బూటుకు జానెడు దూరంలో, గొలుసులా మచ్చలున్న లావాటి ఒళ్ళు చుట్టుకుని ఉంది. ఆకులకూ దానికీ తేడా తెలియడం లేదు. మా ఆయన్ని తిన్నది ఇదే జాతి.

"కాలు యాడుండాదో ఆడే ఉండనీ. అది నీ మీదికి రాలేదు, నువ్వే దాని ఇంటికి పోయినావు. పోనిస్తే పోతాది" అన్నాడు సార్. ఆయన ఒక బండను చుట్టూ చూసి, కర్రతో తట్టి, దాని మీద కూర్చున్నాడు. అడవిలో పని లేనట్టు, నాతో మా కూతురి చదువు గురించి అడిగాడు. ఏ తరగతి, లెక్కలు వస్తాయా, అన్నం తింటుందా సరిగ్గా. నేను కదలకుండా నిలబడి జవాబులు చెప్పాను. చెబుతుండగానే అది చుట్టు విప్పుకుని, తొందర లేకుండా, బండ కిందికి పోయింది. తలెత్తి చూస్తే జింకలు లేవు.

"పోయినాయి సార్" అన్నాను, తప్పు చేసినదానిలా.

"జింకలు రేపొస్తాయి. నీ కాలు రేపొస్తాదా?"

ఆ రోజు నుంచి నేను చాటున కూడా నత్త సారు అనడం మానేశాను. ఆయనతో తిరిగి చిన్న చిన్నవి ఎన్నో నేర్చుకున్నాను. పడిన మానును దాటకూడదు, దాని మీద ఎక్కి, అవతల ఏముందో చూసి దిగాలి. కనిపించని చోట చెయ్యి పెట్టకూడదు, బండల సందులో అసలు పెట్టకూడదు. జింకలు తొక్కిన దారిలో పాము ఉండదని ఓబిలేసు అనేవాడు. "జింక నీకు చెప్పి తొక్కిందా?" అనేవాడు సార్. నీళ్ళ తొట్టి దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండమనేవాడు. మనం జింకల కోసం నీళ్ళు పోస్తాం, కప్పలూ ఎలుకలూ వస్తాయి, వాటి కోసం పామూ వస్తుంది. దాహం అందరిదీ.

ఒక మధ్యాహ్నం సద్దన్నం తింటూ మా ఆయన సంగతి చెప్పాను. వేపాకు, మంత్రం, దారం అన్నీ. సార్ తినడం ఆపాడు. పాపం అనలేదు. "చేదు నాలికకు తెలుస్తాదమ్మా. విషం నెత్తురులో ఉంటాది" అన్నాడు. లేచి గిన్నె కడుక్కున్నాడు. ఆ తర్వాతి సోమవారం నుంచి వారం వారం మమ్మల్నందరినీ కొండ కింద నిలబెట్టి ఒక ఆట ఆడించాడు. ఒకరు పాము కరిచినట్టు పడుకోవాలి. మిగిలినవాళ్ళు ఏం చెయ్యాలో చేసి చూపించాలి. కరిచిన చెయ్యి కదలకుండా కర్ర పెట్టి మెత్తగా కట్టడం, బిగించి కట్టకపోవడం, కొయ్యకపోవడం, వాచకముందే ఉంగరాలు, దారాలు తీసేయడం, దుప్పటికి కర్రలు దూర్చి మనిషిని మొయ్యడం. కొండలో సిగ్నల్ ఏ బండ మీద దొరుకుతుందో అందరికీ తెలిసి ఉండాలి. నాకు అంకెలు మాత్రం వచ్చు కాబట్టి 108 కొట్టడం నేర్పాడు.

మా జనానికి అది నచ్చలేదు. బతికున్న మనిషిని చావబోయేవాడిలా పడుకోబెట్టి మొయ్యడమేమిటి, అపశకునం కాదా? కొందరు ఆడవాళ్ళు మొగుళ్ళను సోమవారం పనికి పంపడం మానేశారు. దానికి చావాట అని పేరు పెట్టారు. ఓబిలేసు మాత్రం ఎప్పుడూ తనే పడుకునేవాడు, మోసేవాళ్ళ భుజాల మీద నవాబులా. "లచ్చుమక్కా, నేను సచ్చిపోతాండా, నా బీడీలు నీకే!" అని అరిచేవాడు. "బీడీలు వద్దు గానీ నువ్వు కాలు కదపాకు" అని నేను తిట్టేదాన్ని. సార్ కట్టు విప్పి మళ్ళీ కట్టించేవాడు. చేతులకు అలవాటు కావాలి, భయం వేసినప్పుడు బుర్ర పనిచెయ్యదు అనేవాడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో సార్ మీటింగుకని అనంతపురం పోయిన రోజు, నేనూ ఓబిలేసూ జింకల అడుగులు చూసుకుంటూ పైకి ఎక్కాం. ఒక బండ సందులో రాలిపోయిన జింక కొమ్ము కనిపించింది. "సార్‌కు చూపిద్దాం అక్కా" అంటూ చెయ్యి పెట్టేశాడు. నేను వద్దు అనేలోపే. బుస, వెంటనే కేక. చెయ్యి బయటికి లాగేసరికి మణికట్టు కింద రెండు గాట్లు, నెత్తురు కారుతోంది, సందులో గొలుసు మచ్చల ఒళ్ళు లోపలికి జారుతోంది. కర్ర తీసుకుని "దాన్ని సంపుతా" అని లేచాడు.

"దాంతో నీకేం పని? కూకో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కూర్చోబెట్టాను. అతని చేతికి వాళ్ళమ్మ కట్టించిన దారాలు ఉన్నాయి, ఎర్రవి, నల్లవి, ఒక తాయెత్తు. అప్పటికే చెయ్యి ఉబ్బడం మొదలైంది. కత్తి తీసుకుని ఆ దారాలు కోసేశాను. కోస్తుంటే ఓబిలేసు నా మొహంలోకి చూశాడు. కర్ర పెట్టి చెయ్యి కట్టాను. సిగ్నల్ దొరికే బండ పైన ఉంది.

"నన్నిడిసి పోతాండావా అక్కా?"

"ఫోన్ చేసి వస్తా. కదలాకు."

అక్కడినుంచి ఆ బండ దాకా నడిచిన నడక నాకిప్పటికీ ఒంట్లో ఉంది. పరుగెత్తమని ప్రాణం కొట్టుకుంటోంది. నేను కూడా పడితే ఇద్దరికీ దిక్కు లేదు. నేల చూసుకుంటూ, కర్ర తట్టుకుంటూ, అడుగు మీద అడుగు వేసుకుంటూ, నత్తలా పోయాను. ఫోన్‌లో పురుగు అనలేదు. పాము అన్నాను, రక్తపింజరి అన్నాను, దారి చెప్పాను. తర్వాత ఓబిలేసు వాళ్ళ ఊరికి చేసి, మొయ్యడానికి మనుషుల్ని, దుప్పటినీ పంపమని, అలాగే నడిచి అతని దగ్గరికి తిరిగి వచ్చాను.

వాళ్ళతోపాటు వాళ్ళమ్మ కూడా ఎక్కి వచ్చింది. కొంగున వేపాకులు. కొడుకు చెయ్యి చూసి, కింద పడిన దారాలు చూసి, నా మీదికి వచ్చింది.

"ఎవురే నువ్వు నా కొడుకు దారం కోసేకి? మొగుణ్ణి మింగినావు, ఇప్పుడు నా కొడుకు గావాల్నా నీకు?"

మొయ్యడానికి వచ్చినవాళ్ళు తల దించుకున్నారు. ఒకాయన, మంత్రం వేసే మనిషి ఊళ్ళోనే ఉన్నాడు, ఒక్క నిమిషం చూపించి పోదాం అన్నాడు. ఆమె వేపాకులు కొడుకు నోటి దగ్గర పెట్టింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అవునమ్మా, నా మొగుడు పోయినాడు. ఇట్లనే ఆకు నమిలి, చేదుగా ఉండాదని నవ్వినాడు. ఆ నవ్వు సూసి మేమంతా నమ్మినాం. నన్ను ఎన్నైనా తిట్టు, దావలో తిట్టుకుంటా రా. వాణ్ణి మాత్రం ఆపాకు."

ఆమె వేపాకులు వెనక్కి తియ్యలేదు. అప్పుడు కింద పడుకున్న ఓబిలేసు అన్నాడు, పెదాలు ఎండిపోయి. "అమ్మా, అక్క చెప్పినట్టు చెయ్యనీ. ఈ ఆట మేము శానా తూర్లు ఆడినాం. పడుకునేది ఎప్పుడూ నేనే."

ఆమె చేతిలోంచి ఆకులు జారిపోయాయి. దుప్పటిలో వేసి మోసుకుని దిగాం. ఆమె నిజంగానే దారి పొడుగునా నన్ను తిడుతూ వచ్చింది, తిడుతూనే కొడుకు తల మీద కొంగుతో ఎండ పడకుండా పట్టుకుంది. రోడ్డు మీద అంబులెన్స్ ఉంది.

ఆస్పత్రిలో అతని నెత్తురు ఒక గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టారు. కాసేపటికి వంచి చూశారు. అది నీళ్ళలా జారింది, గడ్డకట్టలేదు. విషం ఎక్కిందమ్మా, మందు పెడుతున్నాం, సరైన టైముకు తెచ్చారు అంది నర్సు. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఇంటికి పోయి ఉండాల్సింది, పోలేకపోయాను.

పొద్దున సార్ అనంతపురం నుంచి మొదటి బస్సుకు దిగి నేరుగా వచ్చాడు. లోపలికి పోయి ఓబిలేసును చూశాడు. చెయ్యి మోచేతి దాకా వాచి ఉంది గానీ మనిషి మాట్లాడుతున్నాడు. సార్ బయటికి వచ్చి ఆవరణలో నా పక్కన నిలబడ్డాడు.

"దారం కోసినావంట?"

"కోసినా సార్."

"పరుగెత్తినావా?"

"లేదు సార్. నడిచినా."

ఆయన తల ఊపాడు. మెచ్చుకోవడం ఆయనకు రాదు. నాకు మాత్రం రాత్రంతా లోపల తిరుగుతున్న మాట ఒకటి ఉంది. ఇంకెవరినీ అడగలేను. అడిగేశాను. "మా ఆయన్ని గూడా ఇట్లనే నేరుగా తెచ్చింటే, బతికేవాడా సార్?"

ఆయన టోపీ తీసి చేతిలో తిప్పాడు. "బతికేదానికి శానా వీలుండెనమ్మా" అన్నాడు.

ఆ మాటకు ఆయన మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఒక్క అబద్ధం చెబితే ఏం పోయేది? అందరూ చెప్పినట్టు రాత అంటే సరిపోయేది కదా. మా ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు నేను. ఆస్పత్రి ఆవరణలో, జనం చూస్తుండగా, నేల మీద కూర్చుని ఏడ్చాను. సార్ ఊరుకోమనలేదు, వెళ్ళిపోనూలేదు. ఎండ నా మీద పడకుండా అటు పక్కకు జరిగి నిలబడ్డాడు. నేను లేచేదాకా అక్కడే ఉన్నాడు. తర్వాత ఇద్దరికీ టీ తెచ్చాడు.

ఓబిలేసుకు ఒక వేలు సరిగ్గా ముడుచుకోదు, అంతే. పెళ్ళయింది, పిల్లలున్నారు. వాళ్ళమ్మ నాతో ఎప్పుడూ నేరుగా మంచిగా మాట్లాడలేదు, కానీ ఏటా శనక్కాయలు రాగానే ఒక చాటెడు మా ఇంటికి వచ్చేవి. సార్ రిటైరై మడకశిర పోయాడు. గుండె జబ్బుతో పోయాడని తెలిసి ఆ ఊరికి పోయాను. ఆయన భార్యకు నేనెవరో తెలియదు. "కొండలో సార్ దగ్గర పనిచేసినా" అంటే, "ఇంట్లో గూడా ఇంతేనమ్మా, నేల చూసుకుంటానే నడిచేవాడు" అని ఏడుస్తూనే నవ్వింది.

రాత అని చెప్పినవాళ్ళు నన్ను ఓదార్చారు, నిజమే. కానీ రాత అయితే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. సార్ నిజం చెప్పి నాకొక పని అప్పజెప్పాడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. ఇప్పుడు కొండెక్కే శక్తి లేదు. అయినా ఆ ఊళ్ళలో నా నంబరు చాలామంది దగ్గర ఉంది. ఈ మధ్యే చెన్నేకొత్తపల్లి వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. "లచ్చుమక్కా, మా మరిదికి పురుగు ముట్టింది. బండిలో ఎక్కించినాం. మంత్రమేసే ఆయప్ప దావలోనే ఉండాడు, ఆపమంటాండారు."

"ఎవురేమన్నా బండి ఆపాకండి. ఫోన్ పెట్టాకు, ఆస్పత్రి వచ్చేదాకా నాతో మాట్లాడు" అన్నాను.

ఆమె ఆస్పత్రి గేటు కనిపించిందని చెప్పేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. చేనులో ఏ పంట వేశారు, ఎంత వచ్చింది, పిల్లలు ఏం చదువుతున్నారు అని అడిగాను. మా ఆయన బండిలో ఉన్న రోజు, ఆపొద్దు అని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి నేనున్నాను.